నిద్ర మాత్రలు, మత్తు మాత్రలు వాడుతూ మద్యం తాగితే: తరచుగా అడిగే ప్రశ్నలు

మన భాషలో డాక్టరు రాసేదీ మందే, సీసాలోంచి పోసుకునేదీ మందే. రాత్రి పదకొండు దాటాక ఎవరో ఫోన్ చేసి "మా ఆయన మందేసుకుని పడుకున్నాడు, ఎంత పిలిచినా లేవట్లేదు" అంటే, ఏ మందమ్మా అని అడగాల్సి వస్తుంది. "రెండూ" అన్న జవాబు చాలాసార్లు విన్నాను. అందుకని ఈ పేజీలో మందు అనే మాటను పక్కన పెడుతున్నాను. డాక్టరు రాసింది మాత్ర, గ్లాసులోది మద్యం.

నేను ఫార్మసిస్టుని. ఇరవై ఏళ్లకు పైగా ఒక జిల్లా కేంద్రంలో మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడుతున్నాను. కింద ఉన్నవి జనం నన్ను అడిగే ప్రశ్నలే. షాపులో ఇంకెవరూ లేనప్పుడు గొంతు తగ్గించి అడుగుతారు. మీ ఎదురుగా ఇప్పుడే ఎవరైనా మత్తులో పడి ఉంటే మిగతావన్నీ వదిలేసి "గురక పెడుతున్నాడు, లేవట్లేదు" అన్న ప్రశ్న దగ్గరికి వెళ్లండి. అది చదివే టైమ్ కూడా లేదనిపిస్తే ముందు 108కి ఫోన్ చేయండి.

నేను వాడేది నిద్ర మాత్ర కాదు. నాకూ ఇది వర్తిస్తుందా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మత్తు అంటే నిద్ర మాత్ర ఒక్కటే అనుకుంటారు. టెన్షన్‌కి, గుండెదడకి రాసే అల్ప్రాజోలం, క్లోనజెపామ్, లోరాజెపామ్, డయాజెపామ్, ఎటిజోలం అన్నీ ఒక కుటుంబం. నిద్ర కోసమే రాసే జోల్పిడెం వాటికి దగ్గర చుట్టం. నొప్పులకు ఇచ్చే ట్రమడాల్, దగ్గు సిరప్‌లో ఉండే కొడీన్ ఇంకో కుటుంబం, ఊపిరి విషయంలో మరింత ప్రమాదకరమైనవి. షుగర్ వల్ల పాదాలు మండుతుంటే రాసే ప్రెగాబాలిన్, గాబాపెంటిన్, మైగ్రేన్‌కి చిన్న మోతాదులో రాసే అమిట్రిప్టిలిన్, ఫిట్స్‌కి వాడే ఫెనోబార్బిటోన్, క్లోబజామ్, మానసిక సమస్యలకు రాసే ఓలాంజపిన్, క్వెటియాపిన్, మిర్టజపిన్, నడుం పట్టేసినప్పుడు ఇచ్చే టిజానిడిన్, బాక్లోఫెన్ కూడా మత్తునిస్తాయి. బస్సు ఎక్కితే వాంతులయ్యేవాళ్లు వేసుకునే ప్రోమెథజిన్, జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ కూడా ఈ లెక్కలోవే.

ఇంకో చిక్కుంది. కొన్ని మాత్రల్లో మత్తునిచ్చేది రెండో భాగంగా దాక్కుని ఉంటుంది. కడుపు నొప్పికి, గ్యాస్‌కి అని ఏళ్ల తరబడి వాడే ఒక రకం మాత్రలో క్లిడినియంతో పాటు క్లోర్డయజిపాక్సైడ్ ఉంటుంది. డిప్రెషన్‌కి రాసే ఎస్సిటలోప్రామ్ చాలాసార్లు క్లోనజెపామ్‌తో కలిపి ఒకే మాత్రగా వస్తుంది. "నాది గ్యాస్ గోలీ అన్నా" అని చెప్పినవాళ్ల స్ట్రిప్ తిప్పి చూస్తే వెనక ఆ పేరు కనిపిస్తుంది. కాబట్టి బ్రాండ్ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు పేరు చదవండి. అర్థం కాకపోతే స్ట్రిప్ తీసుకుని ఏ ఫార్మసిస్టు దగ్గరికైనా వెళ్లండి. ఆ ఒక్క నిమిషానికి ఎవరూ డబ్బులు అడగరు.

అల్ప్రాజోలం, డయాజెపామ్, జోల్పిడెం, ట్రమడాల్, కొడీన్ లాంటివి మన దేశంలో 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ముద్రించి ఉంటుంది. చీటీ లేకుండా అమ్మకూడదు. కొన్నవాళ్ల పేరు, రాసిన డాక్టరు పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. చీటీ అడిగితే షాపతను సతాయిస్తున్నాడని కోపం తెచ్చుకోకండి.

రెండూ కలిస్తే లోపల ఏం జరుగుతుంది?

మెదడు పరుగుని నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం మనందరి తలలోనూ ఉంటుంది. అల్ప్రాజోలం కుటుంబపు మాత్రలు దాని పనిని బలపరుస్తాయి. మద్యమూ అదే పని చేస్తుంది, మెదడు కణాల మీద గాబా అతుక్కునే గ్రాహకాన్నే వేరే చోట పట్టుకుని. పైగా మెదడుని మెలకువగా ఉంచే గ్లూటమేట్ అనే రసాయనాన్ని మద్యం తొక్కిపెడుతుంది. ఒకటి బ్రేకు నొక్కుతుంటే ఇంకొకటి వచ్చి అదే బ్రేకు మీద కాలు వేసి, యాక్సిలరేటర్ తీగ కూడా తెంపినట్టు.

నిద్రలో మనం ఊపిరి తీసుకోవడం మరిచిపోకుండా చూసేది మెదడు కింది భాగం, కాండం. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరగ్గానే అది రొమ్ముని కదిలిస్తుంది. మాత్రా మద్యమూ కలిసినప్పుడు ఆ కాపలా మొద్దుబారుతుంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతుంది. గొంతు కండరాలు వదులై నాలుక వెనక్కి జారుతుంది. వాంతి వస్తే దగ్గి బయటికి తోసే శక్తి ఉండదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇవన్నీ జరుగుతున్నప్పుడు పక్కనున్నవాళ్లకి కనిపించేది మాత్రం గాఢనిద్ర.

మాత్రకీ మద్యానికీ ఎంత గ్యాప్ ఉంటే చాలు?

నన్ను అన్నిటికంటే ఎక్కువ అడిగే ప్రశ్న ఇదే. "మధ్యాహ్నం రెండింటికి వేసుకున్నా, రాత్రి తొమ్మిదింటికి దావత్, పర్లేదా?" అని గంటల్లో జవాబు కోరుకుంటారు. మత్తు దిగినట్టు అనిపించడం వేరు, మాత్ర ఒంట్లోంచి పోవడం వేరు. రక్తంలో ఉన్న మాత్ర సగానికి తగ్గడానికి జోల్పిడెంకి సుమారు రెండున్నర గంటలు పడుతుంది. అల్ప్రాజోలానికి సుమారు 11 గంటలు, వయసు మళ్లినవాళ్లలో 16 దాకా. క్లోనజెపామ్‌కి 30 నుంచి 40 గంటలు. డయాజెపామ్‌కి రెండు రోజుల దాకా పట్టొచ్చు, అది కరిగి ఒంట్లో తయారయ్యే మరో మత్తు పదార్థానికి నాలుగు రోజుల దాకా. ఇదంతా సగం తగ్గడానికే. దాదాపు పూర్తిగా పోవాలంటే దానికి ఐదింతలు లెక్క వేసుకోవాలి. అంటే క్లోనజెపామ్ ఈ రోజు మానేస్తే పూర్తిగా పోయేసరికి వారం.

రోజూ ఒకటి వేసుకునేవాళ్ల ఒంట్లో అది ఏ రోజూ సున్నాకి రాదు. వాళ్ల విషయంలో గ్యాప్ అనే మాటే లేదు.

ఇక ముందు మద్యం, తర్వాత మాత్ర అనుకునేవాళ్ల లెక్క చూద్దాం. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. క్వార్టర్ సీసా, అంటే 180 మి.లీ.లో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మన కాలేయం గంటకి 7 నుంచి 10 గ్రాములే కరిగించగలదు. కాఫీ తాగినా, తల మీద నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. అంటే క్వార్టర్ తాగిన మనిషి ఒంట్లోంచి అది పోవడానికి 6 నుంచి 9 గంటలు. తాగడం ఆపిన తర్వాత కూడా కాసేపటి దాకా కడుపులో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. పదింటికి గ్లాసు పక్కన పెట్టి, పదకొండింటికి నిద్ర పట్టలేదని మాత్ర వేసుకుంటే, రెండూ ఒకేసారి ఎక్కుతాయి. నేను చూసిన కేసుల్లో ఎక్కువ ఇలా జరిగినవే.

ఒక్క బీరే కదా?

స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా, 650 మి.లీ., 8 శాతం ఘాటుది అయితే అందులో 40 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 30 మి.లీ. పెగ్గులు నాలుగు తాగినట్టు. బీరు తేలిక అన్న నమ్మకం రంగుని చూసి వచ్చింది. ఇంత వరకు తాగితే ప్రమాదం లేదు అని గీత గీసి చెప్పగలిగే మోతాదు ఈ మాత్రలు వాడేవాళ్లకి లేదు. ఒకే బరువు, ఒకే వయసు ఉన్న ఇద్దరికి కూడా ఒకేలా పని చేయదు. ఆడవాళ్లలో అదే మోతాదు మద్యం రక్తంలో ఎక్కువ స్థాయికి చేరుతుంది. జోల్పిడెం కూడా వాళ్లలో నెమ్మదిగా పోతుంది, అందుకే అమెరికాలో 2013లో ఆడవాళ్ల మోతాదుని 10 మి.గ్రా. నుంచి 5కి తగ్గించారు.

తాగే రోజు మాత్ర మానేస్తే సరిపోతుంది కదా?

సరిపోదు. పైన చెప్పినట్టు నిన్నటిది, మొన్నటిది ఒంట్లోనే ఉంటుంది. ఇంకా పెద్ద ప్రమాదం ఫిట్స్ మాత్రలు వాడేవాళ్లకి. దసరాకో, సంక్రాంతికో, చుట్టాల పెళ్లికో రెండు రోజులు మాత్రలు ఆపి తాగుతారు. మాత్ర లేకపోవడం ఒకటి, తాగింది దిగిపోతున్నప్పుడు మెదడు ఉలిక్కిపడడం రెండు, సరిగా నిద్ర లేకపోవడం మూడు. ఈ మూడూ కలిసి పండగ మర్నాడు ఫిట్స్ తెస్తాయి. మానసిక సమస్యల మాత్రలకీ ఇదే వర్తిస్తుంది. రోజూ వేసుకోవాల్సిన మాత్ర మద్యం కోసం ఆపకండి.

మా బావ పదేళ్లుగా రెండూ కలిపే వాడుతున్నాడు. ఏమీ కాలేదే?

అలవాటు పడ్డ మనిషికి తూగు తగ్గుతుంది. మాట తడబడదు, నడక తూలదు. దాన్ని చూసి ఒళ్లు తట్టుకుంటోందని అనుకుంటాం. ఊపిరి మందగించే గుణం మాత్రం తూగు తగ్గినంతగా తగ్గదు. పైకి బాగానే ఉన్నట్టు కనిపిస్తూ లోపల అంచు మీద నడుస్తుంటాడు. ఒక రోజు ఛాతీలో నెమ్ము ఉంటుంది, లేదా ఏమీ తినకుండా తాగుతాడు, లేదా డాక్టరు కొత్తగా నొప్పి మాత్ర రాసి ఉంటాడు. పదేళ్లు దాటించిన మోతాదే ఆ రోజు దాటించదు. గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉన్నవాళ్లు, బాగా లావుగా ఉన్నవాళ్లు, ఆస్తమా, సిగరెట్ల వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లు, కాలేయం పాడైనవాళ్లు ఈ అంచుకి మరీ దగ్గరగా ఉంటారు.

ఇంకో సంగతి. ఈ రెండూ కలిస్తే జ్ఞాపకం చెరిగిపోతుంది. మాత్ర వేసుకున్నట్టు గుర్తుండదు, ఇంకోటి వేసుకుంటాడు. అరగంట తర్వాత మరోటి. చావాలని కాదు, గుర్తులేక. ఇంట్లో అలాంటి మనిషి ఉంటే స్ట్రిప్ అతని దిండు కింద ఉండనివ్వకండి. మాత్ర మీ చేతి మీదుగా వెళ్లాలి, తాగి వచ్చిన రాత్రి స్ట్రిప్ కనిపించకూడదు.

గురక పెడుతున్నాడు, లేవట్లేదు. పడుకోనిస్తే పొద్దున్నకి తగ్గిపోతుందా?

పడుకోనివ్వకండి. లేపి చూడండి.

పేరు పెట్టి గట్టిగా పిలవండి, భుజం పట్టి కుదపండి. కళ్లు తెరిచి మాట్లాడకపోతే అది నిద్ర కాదు, స్పృహ లేకపోవడం. పొట్ట మీద చెయ్యి పెట్టి గడియారం చూస్తూ ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఎనిమిది కంటే తక్కువ వచ్చినా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు ఆగుతున్నా, ఆ నిమిషం పూర్తయ్యే దాకా ఆగక్కర్లేదు, 108కి ఫోన్ చేయండి. గురకలో గళగళ చప్పుడు రావడం, పెదవులు, గోళ్లు నీలంగానో బూడిద రంగులోనో మారడం, ఒళ్లు చల్లబడి చెమట పట్టడం, నిద్రలోనే వాంతి, చెయ్యి ఎత్తి వదిలితే గుడ్డపేలికలా పడిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అంతే. మన రంగు చర్మంలో నీలం సరిగా తెలియదు, కింది పెదవి లోపలి వైపు తిప్పి చూడండి.

అంబులెన్స్ వచ్చేలోపు ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. పైనున్న కాలు మోకాలి దగ్గర వంచితే ఒళ్లు బోర్లా పడిపోదు. పైచేతిని చెంప కింద పెట్టి, తలని కాస్త వెనక్కి వంచండి, నోరు నేల వైపు ఉండాలి. వాంతైతే బయటికే వస్తుంది. పక్కనే కూర్చోండి, ఊపిరి చూస్తూ ఉండండి. ఊపిరి పూర్తిగా ఆగితే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్యలో రెండు చేతులూ పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కండి. 108లో మాట్లాడే మనిషి ఫోన్‌లో చెబుతూ ఉంటారు, ఫోన్ పెట్టేయకండి.

మజ్జిగ పోయకండి. నిమ్మరసం, ఉప్పునీళ్లు, కాఫీ వద్దు. గొంతులో వేలు పెట్టి కక్కించకండి. బకెట్‌తో నీళ్లు గుమ్మరించకండి, ఇద్దరు భుజాలు పట్టి వాకిట్లో నడిపించకండి. మింగే శక్తి లేని మనిషి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

ఈ ప్రశ్నకి ఇంత పొడుగు జవాబు రాయడానికి కారణముంది. మా పెద్దమ్మ కొడుకు, ముప్పై నాలుగేళ్ల వాడు, చెల్లెలి పెళ్లి రాత్రి పందిరి పక్కన చాప మీద పడి గురక పెడుతున్నాడు. నాలుగు రోజులుగా పెళ్లి పనుల టెన్షన్‌తో నిద్ర లేదు, ఎవరో ఇచ్చిన మాత్రలు వేసుకుంటున్నాడు. ఆ రాత్రి స్నేహితులతో తాగాడు. "అలిసిపోయాడు, పడుకోనివ్వండి" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పటికే నేను ఫార్మసీ చదివినవాణ్ని. తెల్లవారుజామున నాలుగింటికి పెద్దమ్మ దుప్పటి కప్పబోయి ముట్టుకుంటే ఒళ్లు చల్లగా ఉంది.

1975లో అమెరికాలోని న్యూజెర్సీలో 21 ఏళ్ల కారెన్ ఆన్ క్విన్లన్ అనే అమ్మాయి పార్టీలో మద్యం తాగి తూలిపోయింది. డయాజెపామ్ రకం మాత్ర కూడా వేసుకుందన్నారు. స్నేహితులు ఇంటికి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. కాసేపటికి వచ్చి చూస్తే ఊపిరి లేదు. ఊపిరి తిరిగి తెప్పించారు కానీ మెదడు తిరిగి రాలేదు. 1985 దాకా ఆమె అలాగే మంచంలో ఉండి చనిపోయింది. ఆమెకి పెట్టిన శ్వాస యంత్రం తీయొచ్చా లేదా అన్న కోర్టు కేసు గురించి ప్రపంచమంతా మాట్లాడుకుంది. నాకు మాత్రం ఆ కథలో ఆగిపోయే చోటు, మంచం మీద పడుకోబెట్టి గదిలోంచి బయటికి వచ్చిన ఆ కొన్ని నిమిషాలు.

మా నాన్న మద్యం ముట్టడు, కల్లు మాత్రమే తాగుతాడు. కల్లుకి పర్లేదా?

పొద్దున్నే చెట్టు నుంచి దించిన కల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కే కొద్దీ పులిసి ఆల్కహాల్ పెరుగుతుంది, సాయంత్రానికి మామూలు బీరంత ఘాటుకి వస్తుంది. మాత్రలు వాడే మనిషికి అది కూడా మద్యమే.

అసలు ప్రమాదం చెట్ల కల్లు పేరుతో అమ్మే మందు కల్లు. నీళ్లలో చక్కెర, శాక్రిన్ కలిపి, మత్తు కోసం అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ పొడి కలుపుతారు. అంటే మీ నాన్నకి డాక్టరు రాసిన మాత్ర ఇంట్లో, అదే మాత్ర పొడి దుకాణంలో సీసాలో, ఎంత ఉందో అమ్మేవాడికీ తెలియకుండా. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, చాలామంది కిడ్నీలు దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు. ఆ కల్లులో అల్ప్రాజోలం ఉన్నట్టు తేలింది.

దీనికి రెండో వైపు కూడా తెలియాలి. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరుకు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు నిజామాబాద్ లాంటి జిల్లాల్లో జనం వణుకుతో, ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో ఆసుపత్రులకి వచ్చారు. వాళ్లకి తెలియకుండానే ఏళ్ల తరబడి అల్ప్రాజోలానికి బానిసలయ్యారు. మీ నాన్న రోజూ కల్లు దుకాణానికి వెళ్లే మనిషైతే, ఒక్క రోజు వెళ్లకపోతే చేతులు వణుకుతుంటే, ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. మందలించి ఇంట్లో కూర్చోబెడితే సరిపోదు.

ఆయుర్వేదం టానిక్‌లతో ఇబ్బంది లేదు కదా?

ద్రాక్షాసవం, దశమూలారిష్టం, అశ్వగంధారిష్టం లాంటి ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టి చేసేవి. వాటిలో తనంతట తాను పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది, ఎంత శాతమో సీసా మీద రాసి ఉంటుంది. చెంచాల లెక్కలో తాగితే అది కొంచెమే. గ్లాసుల్లో పోసుకుంటే కాదు. మత్తు మాత్రలు వాడే పెద్దవాళ్లకి ఇచ్చేముందు అడగండి.

నిద్ర పట్టక రెండు పెగ్గులు వేస్తున్నా. దానికి బదులు నిద్ర మాత్ర ఇవ్వండి.

మద్యం త్వరగా నిద్రపుచ్చుతుంది, అర్ధరాత్రి రెండింటికో మూడింటికో లేపేస్తుంది. అది దిగిపోయేటప్పుడు మెదడు ఎదురు తిరుగుతుంది. అప్పుడు మాత్ర వేసుకోవాలనిపిస్తుంది, ఒంట్లో ఇంకా మద్యం ఉండగానే. ఈ దారిలో నడిచినవాళ్లని చాలామందిని చూశాను, మొదటి రోజు అందరూ "ఈ ఒక్క వారం" అన్నవాళ్లే. నిద్ర పట్టకపోవడానికి కారణం ఏదో డాక్టరు కనుక్కోవాలి. పొరుగావిడ స్ట్రిప్‌లోంచి తెంపుకున్న మాత్రతో ఆ పని జరగదు.

బండి నడపొచ్చా?

నడపకూడదు. మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ ప్రకారం 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మి.గ్రా. దాటితే నేరం. మత్తు మాత్రల ప్రభావంలో అదుపు తప్పి నడిపినా అదే సెక్షన్. పోలీసుల మిషన్ మాత్రని పట్టుకోదు, కాబట్టి సున్నా చూపించింది కదా అని ధైర్యం వద్దు. జోల్పిడెం వేసుకున్నవాళ్లు నిద్రలోనే లేచి వండుకోవడం, బండి తీసుకుని వెళ్లిపోవడం, తెల్లారి ఏదీ గుర్తులేకపోవడం జరిగాయి. 2019లో అమెరికా ఔషధ సంస్థ ఆ మాత్ర మీద తన అతి తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. మద్యం తోడైతే ఇలా జరిగే అవకాశం పెరుగుతుంది.

అమ్మకి డెబ్బై ఏళ్లు. చలికాలం ఒక చెంచా బ్రాందీ ఇస్తాం. నిద్ర మాత్ర కూడా ఉంది.

ఆపేయండి. ఆ వయసులో మాత్ర ఆలస్యంగా కరుగుతుంది. రాత్రి బాత్రూమ్‌కి లేచి పడి తుంటి ఎముక విరిగితే, చాలామంది పెద్దవాళ్లు మళ్లీ మునుపటిలా నడవరు. బ్రాందీ ఒంటిని వెచ్చబరచదు, చర్మం వెచ్చగా అనిపించేలా చేసి లోపలి వేడిని బయటికి పంపేస్తుంది.

అర్థమైంది. రేపటి నుంచి రెండూ ఒకేసారి మానేయనా?

ఈ నిర్ణయం మంచిదే, ఒకేసారి మాత్రం వద్దు. రోజూ తాగే మనిషి హఠాత్తుగా ఆపితే మొదటి రోజు వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి లేనివి కనిపిస్తాయి, జ్వరం, అయోమయం కమ్ముకుంటాయి, అది ప్రాణం తీసే స్థితి. నెలల తరబడి వాడిన అల్ప్రాజోలం లాంటి మాత్ర ఆపినా ఇలాంటిదే జరుగుతుంది. రెంటినీ డాక్టరు చూస్తుండగా తగ్గించాలి, మాత్రని వారాల తరబడి కొంచెం కొంచెంగా.

తాగుడు మాన్పించే చికిత్సలో క్లోర్డయజిపాక్సైడ్ అనే మత్తు మాత్ర ఇస్తారు. అది మద్యం లేని లోటుని ఒంటికి తెలియకుండా దాటించడానికి. ఇంటికి పంపాక ఆ మాత్రతో పాటు రహస్యంగా తాగితే మొదటి కంటే పెద్ద ప్రమాదం. ఆ మాత్రలు ఇంట్లోవాళ్లే దగ్గర పెట్టుకుని, పూటకి పూట ఇవ్వాలి. తాగి వచ్చాడని తెలిస్తే ఆ పూట మాత్ర ఇచ్చేముందు డాక్టరుకి ఫోన్ చేయాలి. డైసల్ఫిరామ్ సంగతి వేరు. అది మత్తునివ్వదు, అది వాడుతూ తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. ఆపిన రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. ఆ మనిషికి తెలియకుండా కూరలో కలిపి పెట్టే ఇళ్లు ఉన్నాయి. బాధతో చేస్తారని నాకు తెలుసు. దయచేసి చేయకండి, ప్రాణం పోవచ్చు.

మద్యం, మత్తు అలవాటు గురించి మాట్లాడాలంటే 14446 ఉంది, ఉచితం.

డాక్టరుకి తాగుతానని చెప్తే తిడతారేమో?

కొందరు తిడతారు, నిజమే. అయినా చెప్పండి. "అప్పుడప్పుడు" అనకండి, వారంలో ఎన్ని రోజులు, రోజుకి నైంటీనా, క్వార్టరా, హాఫా, అలా చెప్పండి. ఆ లెక్క మీదే మాత్ర మారుతుంది, మోతాదు మారుతుంది. ఆడవాళ్లయితే డాక్టరు అడగను కూడా అడగరు, మీరే చెప్పాలి. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరుకి చెప్పడం ఇంకా ముఖ్యం.

తెలిసి, కావాలనే వేసుకున్నట్టున్నాడు. ఆసుపత్రికి వెళ్తే పోలీసు కేసవుతుందా?

ఆ భయంతో ఒక్క నిమిషం కూడా ఆగకండి. ఆసుపత్రిలో నమోదు చేస్తారు, పోలీసులకి సమాచారం వెళ్తుంది, అది వాళ్ల పద్ధతి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. స్ట్రిప్‌లూ సీసాలూ ఒక కవర్లో వేసి అంబులెన్స్‌లో ఇవ్వండి. ఏమేం వేసుకున్నాడో తెలిస్తే డాక్టర్లు సరైన విరుగుడు వెంటనే ఎంచుకోగలరు. కోలుకున్నాక ఎందుకు చేశావని నిలదీయకండి, పక్కన ఉండండి. అలాంటి ఆలోచనలు మీకే వస్తుంటే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా.

తెల్లారి మామూలుగానే లేచాడు. ఇక భయం లేదా?

పూర్తిగా పోలేదు. స్ట్రిప్‌లో ఎన్ని మాత్రలు తగ్గాయో లెక్కపెట్టండి, అతని మాట మీద వదిలేయకండి. ఆ రోజు బండి తాళం మీ దగ్గరే ఉంచుకోండి. పొద్దున వేసుకోవాల్సిన మత్తు మాత్ర ఉంటే డాక్టరుని అడిగే దాకా ఇవ్వకండి. ఫిట్స్ మాత్ర అయితే ఆపకుండా, వెంటనే ఫోన్ చేసి అడగండి. రాత్రి వాంతి చేసుకుని ఉంటే రెండు మూడు రోజులు దగ్గు, జ్వరం, ఆయాసం వస్తున్నాయేమో చూస్తుండండి. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా అప్పుడు బయటపడుతుంది. మళ్లీ మగతగా అయి, పగలు పదకొండింటికి కూడా లేపితే గానీ లేవకపోతే, పొద్దున లేచాడు కదా అని ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.